‘మూడు నెలలకని వచ్చాను, ఐదేళ్లయింది’

పేరు, ఊరు బయటపెట్టవద్దన్న షరతుతో ఇరవై తొమ్మిదేళ్ల పాఠకురాలు ఒకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులను కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది మూడు వందల గడపకు మించని పల్లె. నగరంలో డిగ్రీ చదివి, అక్కడే ఒక సంస్థ జమాఖర్చుల విభాగంలో రెండేళ్లు పనిచేశారు. ఐదేళ్ల క్రితం తండ్రికి వెన్నెముక శస్త్రచికిత్స జరిగినప్పుడు మూడు నెలల సెలవు పెట్టి ఊరికి వచ్చారు. ఆయన కోలుకున్నారు గానీ ఇక బరువులు ఎత్తకూడదన్నారు వైద్యులు. సెలవును రెండుసార్లు పొడిగించి, చివరికి రాజీనామా పంపారు. అప్పటి నుంచి ఆరెకరాల సాగు, కూలీలను మాట్లాడుకోవడం, అప్పుల లెక్క అన్నీ ఆమే చూస్తున్నారు. మూడేళ్ల క్రితం ఇంటి వెనక షేడ్‌నెట్ (మొక్కలకు నీడనిచ్చే వల) వేసి, ట్రేలలో కూరగాయల నారు పెంచి చుట్టుపక్కల రైతులకు అమ్మడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది నారుకుళ్లు తెగులుతో సగం పోయింది. రెండో ఏడాది పెట్టుబడి తిరిగి వచ్చింది. ఈసారి రాబోయే పంటకాలానికి పదకొండు మంది రైతులు ముందుగానే బయానా ఇచ్చారు.

అన్నయ్య నగరంలో ఉద్యోగం చేస్తూ ప్రతి నెలా డబ్బు పంపుతాడు. మోటారు మార్చాలన్నా, పంట మార్చాలన్నా తండ్రి ముందుగా ఫోన్ చేసేది అతనికే. “వాడు పంపేదాని మీదే కదమ్మా ఇల్లు నడుస్తోంది” అంటుంది తల్లి. భూమి తండ్రి పేరున ఉంది. “రేపు వాడొచ్చి చూసుకుంటాడు” అని ఆయన బంధువులతో అనడం ఈమె గుమ్మం చాటు నుంచి విన్నారు. బడిలో తనతో చదివిన ఇరవై ఇద్దరిలో ఇప్పుడు ఊళ్లో ఉన్నది నలుగురు. ఈ మధ్య బడి సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు ‘పైకి వచ్చినవారి’ పేర్లు చదివారట; అందరూ ఊరు వదిలినవారే. తరువాత ఈమెను పలకరించి, “నువ్వూ బాగా చదివేదానివి” అన్నారట.

పాత సంస్థలో పై అధికారి మళ్లీ పిలిచారు. రెండు నెలల్లో జవాబు చెప్పాలి. తల్లి “నీ ఇష్టం” అంటుంది, తండ్రి ఏమీ అనడు. “ఉండిపోతే పిరికిదాన్నేమో, వెళ్లిపోతే ద్రోహినేమో. ఈ రెంటిలో ఏది తక్కువ తప్పో చెప్పండి” అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరానికి జవాబు రాసే ముందు నా పక్షపాతం ఒకటి చెప్పుకోవాలి. నేను పద్దెనిమిదో ఏట ఊరు వదిలినవాణ్ని. వదిలినవాళ్లకు రెండు జబ్బులు ఉంటాయి. తాము చేసింది సరైనదేనని నిరూపించుకోవడానికి అందరినీ వచ్చెయ్యమనడం ఒకటి, దూరంగా కూర్చుని పల్లె బతుకును పొగుడుతూ ఉన్నవాళ్లను అక్కడే ఉండమనడం రెండోది. ఈ రెండూ నా మాటల్లోకి జొరబడితే మీరు గుర్తుపట్టి పక్కన పెట్టండి.

పిరికితనం, ద్రోహం అనే రెండు మాటలతో మీ పరిస్థితి కొలతకు అందదు. మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నాకు అనిపిస్తోంది. ఈ ఐదేళ్లు మీరు ఊళ్లో ఉండడం ఎవరు తీసుకున్న నిర్ణయం? మూడు నెలలకు మీరు ఒప్పుకున్నారు, అంతవరకు స్పష్టంగానే ఉంది. ఆ తరువాతి నాలుగేళ్ల తొమ్మిది నెలలకు మిమ్మల్ని ఎవరూ అడగలేదు, మీరూ ఎవరికీ చెప్పలేదు. అది నిర్ణయం కాకుండానే అలవాటైపోయింది. అందుకే ఇప్పుడు ఉండడం గురించి ఆలోచించినా ఊపిరాడదు, వెళ్లడం గురించి ఆలోచించినా ఊపిరాడదు.

పల్లెలను యువత ఎందుకు వదులుతుందన్న ప్రశ్నకు చాలామంది ఒక్క మాటలో చెప్పే జవాబు జీతం. అది అబద్ధం కాదు గానీ చాలదు. 1970లో జాన్ హారిస్, మైకేల్ టొడారో అనే ఆర్థికవేత్తలు ఇద్దరు ఒక చిక్కు విప్పారు. నగరంలో నిరుద్యోగం కళ్లెదుట కనిపిస్తున్నా పల్లెల నుంచి జనం ఎందుకు వస్తూనే ఉంటారన్నది ఆ చిక్కు. మనిషి పోల్చుకునేది నగరంలో చేతికి వచ్చే జీతాన్ని కాదని, ఉద్యోగం దొరికే అవకాశాన్ని కూడా కలిపి ఊహించుకున్న జీతాన్నని వారు వివరించారు. మీ విషయంలో ఆ అనిశ్చితి లేదు, పిలిచి ఇస్తున్న ఉద్యోగమిది. అంటే డబ్బు లెక్క మీకు తేలిక. అద్దె, ప్రయాణం, తిండి ఖర్చులు తీసేసి మిగిలేది ఎంత, నారు మీద ఈ ఏడాది మిగలబోయేది ఎంత, రెంటినీ ఒకే కాగితం మీద రాయండి. ఉత్తరంలో జీతం అంకె వేశారు గానీ నారు మీద లాభం అంకె వేయలేదు. జమాఖర్చులే వృత్తిగా చేసిన మనిషి తన సొంత సంపాదనను మాత్రం లెక్క కట్టకుండా వదిలేయడం నాకు విచిత్రంగా తోచింది. దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

డబ్బుకు అందని ఖర్చులూ ఉన్నాయి. 1962లోనే లారీ షాస్టాడ్ అనే ఆర్థికవేత్త వలసను పెట్టుబడితో పోలుస్తూ, అలవాటైన పరిసరాలను, సొంత మనుషులను వదలడంలో ఉండే మనసు నొప్పి కూడా ఒక రకం ఖర్చేనని గుర్తించాడు. అయితే ఆ నొప్పి వెళ్లేవారికే ఉంటుందనుకోవడం సగం నిజం. ఇరవై ఇద్దరిలో పద్దెనిమిది మంది వెళ్లిపోయాక మిగిలిన నలుగురికి, కాలు కదపకపోయినా, ఊరు మారిపోతుంది. సాయంత్రం మాట్లాడడానికి ఈడు మనుషులు లేకపోవడం గురించి మీరు రెండు పేజీలు రాసి, చివర “ఇది చిన్న విషయమే” అని కొట్టివేశారు. అది చిన్న విషయం కాదు. జనం తగ్గితే బస్సు తగ్గుతుంది, పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది, బడి మూతపడిందని మరో నాలుగు కుటుంబాలు కదులుతాయి. ఇలా ఒక నష్టం మరో నష్టాన్ని పెంచుకుంటూ పోవడాన్ని గున్నార్ మిర్డాల్ అనే స్వీడన్ ఆర్థికవేత్త 1957లోనే సిద్ధాంతంగా చెప్పాడు. మీ ఒంటరితనం మీ స్వభావ లోపం వల్ల వచ్చింది కాదు, ఆ చక్రం మీ గుమ్మం ముందుగా తిరుగుతోంది. ఉండాలని నిశ్చయించుకుంటే దీనికి వేరుగా ఏర్పాటు చేసుకోవలసిందే. అది దానంతట అది తగ్గదు.

మీ ప్రధానోపాధ్యాయుడి మాట మిమ్మల్ని ఎంతగా గాయపరిచిందో తెలుస్తూనే ఉంది. ఆయనను నేను తప్పుపట్టడం లేదు. చాలా దేశాల్లో పల్లె బడి చేస్తున్న పనినే ఆయన చేశారు. అమెరికాలోని అయోవా రాష్ట్రపు చిన్న పట్టణంలో ఉండి పరిశోధించిన పాట్రిక్ కార్, మరియా కెఫలాస్ దంపతులు 2009లో ఒక సంగతి బయటపెట్టారు. పెద్దలు, ఉపాధ్యాయులు తమ శ్రద్ధనంతా వెళ్లిపోయే పిల్లల మీద పెడతారు, ఉండిపోయేవారి మీద తక్కువ పెడతారు, ఊరు మాత్రం నడిచేది ఆ ఉండిపోయినవారి చేతుల మీదుగానే. కెనడాలోని నోవా స్కోషియా తీరపు మత్స్యకార గ్రామాలను పరిశీలించిన మైకేల్ కార్బెట్ కూడా అక్కడి చదువు ఊరు వదలడాన్నే నేర్పుతోందన్నారు. ‘పైకి రావడం’ అనే మాటలోనే దారి ఎటువైపో రాసిపెట్టి ఉంది చూడండి. నారు కుళ్లిపోతే కారణం వెతికి, నీరు పెట్టే పద్ధతి మార్చి, మరుసటి ఏడాది పెట్టుబడి రాబట్టిన మీ చదువు ఆ జాబితాలో చదువుగా లెక్కకు రాలేదు, అంతే.

ఇక అసలు ముడి మీ ఇంట్లో ఉంది. ఊళ్లో ఉండాలా, వెళ్లాలా అన్నది ఒక్క మనిషి నిర్ణయమనుకుని మీరు ప్రశ్న అడిగారు. 1985లో ఒడెడ్ స్టార్క్, డేవిడ్ బ్లూమ్ అనే ఇద్దరు ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేశారు. వలస చాలాచోట్ల కుటుంబమంతా కలిసి చేసుకునే ఏర్పాటు అని వారన్నారు. పంట పోతే నగరం నుంచి వచ్చే డబ్బు ఆదుకుంటుంది, నగరంలో ఉద్యోగం పోతే తిరిగి రావడానికి ఇల్లు, పొలం ఉంటాయి. ఒకరు వెళతారు, ఒకరు ఉంటారు, ఇద్దరూ కలిసి కుటుంబానికి భరోసా అవుతారు. ఈ కళ్లతో చూస్తే మీ అన్నయ్య నెలనెలా పంపే డబ్బు, మీరు రోజూ చేసే పని ఒకే ఒప్పందంలోని రెండు సగాలు. మీరు ఇక్కడ ఉన్నందువల్లే అతను అక్కడ నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలుగుతున్నాడు. తండ్రికి రాత్రివేళ నొప్పి వస్తే సెలవు పెట్టి పరుగెత్తుకు రావలసిన అవసరం ఈ ఐదేళ్లలో అతనికి ఒక్కసారే వచ్చిందని మీరే రాశారు.

కానీ కుటుంబం ఒక్క మనిషిలా ఆలోచిస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఒప్పందంలో ఒక సగానికి అంకె ఉంది, రెండో సగానికి లేదు. అన్నయ్య డబ్బు ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా మొత్తంగా కనిపిస్తుంది. మీ పనికి జీతం లేదు కాబట్టి అది పనిగా కనిపించదు, ‘ఇంట్లో ఉంది’ అనిపించుకుంటుంది. అంకె ఉన్నవాడికి మోటారు గురించి చెప్పే అధికారం వచ్చింది, ఆ మోటారు పాడైతే బాగు చేయించే మనిషికి రాలేదు. మీరు కూతురు కావడం దీన్ని మరింత బిగించింది. 1885లో లండన్‌లో రావెన్‌స్టీన్ అనే భౌగోళికుడు బ్రిటన్ జనగణనను పరిశీలించి వలసల గురించి కొన్ని సూత్రాలు చెప్పినప్పుడే, దేశం లోపలి వలసల్లో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువగా కదులుతారని గమనించాడు. ఇప్పటికీ అనేక పల్లెల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలే ముందు వెళ్లిపోవడం కనిపిస్తుంది. భూమి కొడుకుదన్న ఊహ బలంగా ఉన్నచోట కూతురికి అక్కడ ఎదిగే స్థలం లేకపోవడం అందుకు ఒక కారణం, నలుగురి కళ్లూ ఎప్పుడూ ఆమె మీదే ఉండడం మరో కారణం. మీరు ఆ ప్రవాహానికి ఎదురుగా నిలబడ్డారు, అయినా “రేపు వాడొచ్చి చూసుకుంటాడు” అన్న మాట మారలేదు. మీ తండ్రి దుర్మార్గుడని దీనికి అర్థం కాదు. మీరు ఉండడానికి అసలు పేరంటూ ఏదీ లేకపోవడం వల్ల ఆయన పాత పేరే వాడుతున్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒక్కో దారిలో ఏం జరుగుతుందో చెప్పగలను, ఏది పట్టాలో మీరే తేల్చుకోవాలి.

ఉద్యోగానికి వెళ్లడం మొదటిది. వెళితే మీకు మీ పేరున జీతం, సమవయస్కుల సహవాసం, ముప్పయ్యేళ్లలోపే ఆగిపోయిన వృత్తిని తిరిగి పట్టుకునే అవకాశం వస్తాయి. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఐదేళ్ల విరామం తరువాత పాత అధికారే పిలవడం తరచుగా జరిగేది కాదు, పదేళ్ల విరామం తరువాత పిలుస్తారన్న నమ్మకం లేదు. నష్టం వైపు చూస్తే నారు వ్యాపారం ఒక్క పంటకాలంలోనే చెల్లాచెదురవుతుంది. షేడ్‌నెట్‌ను మళ్లీ కట్టవచ్చు గానీ, మీ నారు మొలుస్తుందని పదకొండు మంది రైతులకు కుదిరిన నమ్మకాన్ని మళ్లీ మొదటి నుంచీ కూడబెట్టాలి. ఇంటి సంగతి కూడా ముందే మాట్లాడాలి. మీరు చేస్తున్న పనిని ఇకపై ఎవరు చేస్తారు, జీతమిచ్చి మనిషిని పెడితే ఆ జీతం ఎవరు భరిస్తారు, రాత్రివేళ తండ్రికి అవసరం పడితే పిలుపు ఎవరికి వెళ్తుంది? ఈ సంభాషణలో మొదటిసారిగా మీ పనికి అంకె పడుతుంది. అది చూసి ఇంట్లో కొందరు ఉలిక్కిపడవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ‘కొన్నాళ్లకని వెళ్తున్నాను’ అని చెప్పి వెళ్లకండి. గడువు చెప్పని తాత్కాలికం ఎలా ముగుస్తుందో మీకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. రెండేళ్లంటే రెండేళ్లని చెప్పండి, తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోతే అదే చెప్పండి. ప్రతి పెద్ద వలస ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఒకటి ఉంటుందని రావెన్‌స్టీనే అన్నాడు, తిరిగి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అయితే వదిలివెళ్లిన ఊరే తిరిగి దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఉండడం రెండోది. ఇప్పుడున్నట్టుగానే ఉండడాన్ని నేను ఒక దారిగా లెక్కించడం లేదు. ఉండదలిస్తే షరతులతో ఉండాలి, ఆ షరతులు కాగితం మీద ఉండాలి. వ్యవసాయ కుటుంబాల్లో లోకమంతటా ఒకే రకం కథ వింటాం. పెద్దవాళ్లు పగ్గాలు వదలరు, “ఎప్పటికైనా నీదేగా” అన్న మాట మీద పిల్లలు ఇరవై ఏళ్లు జీతం లేకుండా పనిచేస్తారు, చివరికి పంపకాల రోజున ఆ మాట ఎవరికీ గుర్తుండదు. యూరోపియన్ యూనియన్‌లో 2020 లెక్కల ప్రకారం వ్యవసాయ క్షేత్రాలను నడిపేవారిలో నలభై ఏళ్లలోపు వారు దాదాపు 12 శాతమే, మూడోవంతు మంది 65 ఏళ్లు నిండినవారు. జపాన్‌లో అదే ఏడాది సాగునే ప్రధాన వృత్తిగా చేసుకున్నవారి సగటు వయసు 67 దాటింది. యువత రావడం లేదని ఆ దేశాల్లో బెంగపడతారు. వచ్చిన యువత చేతికి నిర్ణయాధికారం ఎంత ఆలస్యంగా అందుతుందో కూడా ఆ బెంగలో భాగం కావాలి.

భూమిని వెంటనే మీ పేరున రాయమని అడగవలసిన అవసరం లేదు. అది అడిగిన రోజే సంభాషణ ఆగిపోతుంది. అంతకంటే చిన్నవి, గట్టివి ఉన్నాయి. పొలాన్ని, షేడ్‌నెట్ ఉన్న స్థలాన్ని నిర్ణీత సంవత్సరాలకు మీ పేరున కౌలుకు రాయించుకోవచ్చు, అన్నయ్యను దానికి సాక్షిగా పెట్టవచ్చు. నారు వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవవచ్చు. సాగు ఆదాయంలో మీ శ్రమకు జీతంగా ఇంత అని ప్రతి నెలా తీసి పక్కన పెట్టుకోవచ్చు. మీరు స్థలం మీద పెట్టే పెట్టుబడి పంపకాల్లో ఎలా లెక్కకు వస్తుందో తండ్రి ఆరోగ్యంగా ఉండగానే రాయించుకోవాలి, మంచం పట్టాక అడిగేది ఎంత న్యాయమైనదైనా దురాశలా వినిపిస్తుంది. వారసత్వ చట్టం మీకు ఇచ్చే హక్కులేమిటో ఒక న్యాయవాదిని కలిసి విడిగా తెలుసుకోండి. ఈ దారిలో నష్టమూ ఉంది. అన్నయ్య నొచ్చుకోవచ్చు, “సొంతవాళ్ల మధ్య కాగితాలేమిటి” అని తల్లి కన్నీళ్లు పెట్టుకోవచ్చు. ఒంటరితనం అలాగే ఉంటుంది. అవన్నీ దాటి, కాగితం రాయడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోతే, ఆ జవాబు మీ మొదటి ప్రశ్నకు కూడా కొంత జవాబే అవుతుంది.

మధ్యేమార్గం గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు. జమాఖర్చుల పని కాబట్టి వారంలో ఎక్కువ రోజులు ఊరి నుంచే చేయనిస్తారేమో కనుక్కోండి, అడిగితే పోయేదేమీ లేదు. కానీ పూర్తి ఉద్యోగాన్నీ, పూర్తి సాగునూ ఒకే ఒంటి మీద మోసి ఏడాదికే చతికిలపడినవారిని నేను చూశాను. అలా చేయదలిస్తే పొలం పనిలో సగాన్ని జీతం మనిషికి అప్పగించాలి, ఆ జీతం మీ కొత్త సంపాదన నుంచి కాకుండా పొలం ఖాతా నుంచి వెళ్లాలి. లేకపోతే మీరే అన్నయ్య, మీరే చెల్లెలు అయి రెండు పాత్రలూ పోషిస్తారు.

మీ తల్లి “నీ ఇష్టం” అనడం నిషేధం కంటే బరువుగా ఉందన్నారు. నిజమే, ఆ మాట నిర్ణయాన్నీ, దాని వల్ల వచ్చే నిందనూ కలిపి మీకే అప్పగిస్తుంది. అయితే దాన్ని మాట వరసకు అన్నదిగా వదిలేయకుండా, నిజంగానే అన్నారనుకుని జవాబు చెప్పి చూడండి. “నా ఇష్టమంటే ఇది అమ్మా, దీనికి మీ వైపు నుంచి నాకు కావలసింది ఇది” అని. తండ్రి మౌనానికి కారణం మీరు ఊహిస్తున్నది కాకపోవచ్చు. కూతురి జీవితాన్ని తన వెన్నునొప్పి మింగేసిందన్న అపరాధ భావంతో నోరు విప్పలేని తండ్రులు ఉంటారు. మీ నాన్నగారు ఆ కోవలోని మనిషో కాదో నాకు తెలియదు, అడిగేదాకా మీకూ తెలియదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అంటే, నేను అన్నయ్య నుంచి అంటాను. అతను మీ ఉత్తరంలో డబ్బు పంపే మనిషిగానే ఉన్నాడు, ఒక్కచోట కూడా అతని మాట లేదు. తిరిగి వచ్చే ఉద్దేశం అతనికి నిజంగా ఉందా, లేక తండ్రి ఆశను కాదనలేక ఊరుకుంటున్నాడా? “రేపు వాడొస్తాడు” అన్నదాన్ని అతనే “నేను రాను” అని తేల్చిచెబితే మీ ఇంట్లో సగం చిక్కు విడిపోతుంది. “రెండేళ్లలో వస్తాను” అంటే అది కూడా మీరు ఇప్పుడే తెలుసుకోవలసిన విషయం. అతనికి ఫోన్ చేసే ముందు నేను పైన అడిగిన లెక్క పూర్తి చేయండి. ఐదేళ్లలో మీ స్థానంలో జీతానికి మనిషిని పెట్టి ఉంటే ఎంతయ్యేదో, నారు మీద ఎంత మిగిలిందో, అతను పంపినది ఎంతో మూడు వరుసల్లో వేయండి. అతనితో వాదన గెలవడానికి కాదు, అతనూ మీరూ ఒకే కాగితం చూస్తూ మాట్లాడుకోవడానికి.

రెండు నెలల గడువు సంస్థ పెట్టినది. మీ పొలం గడువు అంతకంటే ముందుంది. ట్రేలలో విత్తనం వేయవలసిన వారం మరో నలభై రోజుల్లో ఉందని మీ లెక్కల్లోనే కనిపిస్తోంది. ఏమీ తేల్చకుండా ఆ వారం దాటిపోనిస్తే నిర్ణయం మళ్లీ మీ ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. కనుక మీ గడువు నలభై రోజులే అనుకోండి. వెళ్లాలనే తేలితే, విత్తనం కొనకముందే ఆ పదకొండు మంది రైతులకు కబురు చేసి బయానా తిరిగి ఇచ్చేయండి, వాళ్లు మరోచోట నారు చూసుకోవడానికి సమయం ఉంటుంది.